33 కిలోడాల్టన్ల దగ్గర కనిపించేది ఆల్ఫా టాక్సినేనా? స్టాఫ్ ఆరియస్ నమూనాల్లో యాంటీబాడీని ఎంతవరకు నమ్మాలి

స్టెఫిలోకాకస్ ఆరియస్ బయటికి వదిలే విషాల్లో ఎక్కువ పరిశోధన జరిగినవాటిలో ఆల్ఫా టాక్సిన్ ఒకటి. చర్మం కుళ్లిపోయే ఇన్‌ఫెక్షన్లలో, న్యుమోనియాలో దాని పాత్ర ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో స్పష్టంగా తేలింది. అందుకే ఈ బ్యాక్టీరియా మీద పనిచేసే ల్యాబుల్లో ఆల్ఫా టాక్సిన్‌ను గుర్తించే యాంటీబాడీ తరచుగా కనిపిస్తుంది. కల్చర్ ద్రవాన్ని జెల్ మీద నడిపి, వెస్టర్న్ బ్లాట్ చేసి (విడిపోయిన ప్రొటీన్లను మెంబ్రేన్ అనే పలుచని పొర మీదికి మార్చి యాంటీబాడీతో వెతికి), 33 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర బ్యాండ్ ఎంత ముదురుగా ఉందో చూసి, టాక్సిన్ ఇంత తయారైందని రాసుకుంటారు.

చాలా ప్రొటీన్ల విషయంలో ఈ పద్ధతి నడిచిపోతుంది. స్టాఫ్ ఆరియస్ దగ్గర మాత్రం చిక్కు వస్తుంది, ఎందుకంటే యాంటీబాడీలనే పట్టుకునే ప్రొటీన్ దాని దగ్గర ఉంది. టాక్సిన్ కోసం మనం వేసిన యాంటీబాడీ టాక్సిన్‌ను గుర్తుపట్టిందా, లేక ఆ ప్రొటీన్‌కే చిక్కుకుందా అన్నది బ్యాండ్‌ను చూసి చెప్పలేం. ఒక్కో కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) ఎందుకు అవసరమో, ఏది లేకపోతే ఫలితం ఎటు తప్పుతుందో తెలిస్తేనే ఈ యాంటీబాడీ పనికొస్తుంది.

ముందు టాక్సిన్ సంగతి

ఆల్ఫా టాక్సిన్ జన్యువైన హెచ్‌ఎల్‌ఏ నుంచి తయారయ్యే తొలి రూపంలో 319 అమైనో ఆమ్లాలుంటాయి. కణం నుంచి బయటికి వచ్చేటప్పుడు ముందున్న 26 తెగిపోయి 293 మిగులుతాయి. ఆ పరిపక్వ రూపం బరువు సుమారు 33 కిలోడాల్టన్లు. ద్రవంలో ఉన్నంతసేపు అది ఒంటరి అణువు. మన కణాల పైపొరలోని ఆడమ్10 అనే ప్రొటీన్‌ను పట్టుకున్నాక ఏడు అణువులు గుండ్రంగా జతకూడి పొరకు రంధ్రం పెడతాయి. ఈ ఏడింటి నిర్మాణం 1996లో స్ఫటిక చిత్రంగా వెలువడింది.

బ్లాట్ చేసేవాళ్లకు ఇక్కడ రెండు విషయాలు ముఖ్యం. ఏడు అణువుల గుంపు ఎస్‌డీఎస్‌కు (జెల్‌లో ప్రొటీన్లను విప్పే డిటర్జెంట్‌కు) లొంగదు, వేడికి విడిపోతుంది. నమూనాను 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచితే అంతా 33 దగ్గరికి దిగుతుంది. వేడి చేయకుండా నడిపితే 200 కిలోడాల్టన్లకు పైన నిలుస్తుంది. కాబట్టి టాక్సిన్ తగిలిన ఊపిరితిత్తి కణాలనో, రక్తకణాల పొరలనో పరీక్షించేటప్పుడు నమూనాను రెండుగా పంచి, ఒక భాగాన్ని వేడి చేసి, మరొకదాన్ని చేయకుండా పక్కపక్కనే నడపాలి. పైనున్న బ్యాండ్ వేడి చేసిన వరుసలో మాయమై 33 దగ్గర తేలితే, రంధ్రం కట్టిందనడానికి అది మంచి సాక్ష్యం. ఇందుకు 12 శాతం జెల్ చాలదు, 4 నుంచి 15 శాతం గ్రేడియెంట్ జెల్ కావాలి.

రెండోది బంధువుల గొడవ. గామా హీమోలైసిన్ భాగాలు, పాంటన్ వాలెంటైన్ ల్యూకోసిడిన్ భాగాలు ఆల్ఫా టాక్సిన్ కుటుంబానికే చెందుతాయి. వాటి అమైనో ఆమ్లాల క్రమం ఆల్ఫా టాక్సిన్‌తో పోలేది కొంతవరకే. బరువులు మాత్రం దాదాపు ఒకటే, అన్నీ 32 నుంచి 35 కిలోడాల్టన్ల మధ్య ఉంటాయి. అంటే బ్యాండ్ సరైన చోట పడిందన్నంత మాత్రాన గుర్తింపు పూర్తయినట్టు కాదు. పూర్తిగా శుద్ధి చేయని టాక్సిన్‌ను కుందేళ్లకు ఇచ్చి తయారుచేసిన పాలీక్లోనల్ (అనేక రకాల యాంటీబాడీలు కలిసిన) సీరంలో ఈ బంధువులను పట్టే యాంటీబాడీలు కూడా ఉండే అవకాశం ఉంది. పైగా కుందేళ్లకు స్టాఫ్ బ్యాక్టీరియా కొత్తేమీ కాదు, ఇంజెక్షన్‌కు ముందే వాటి రక్తంలో కొన్ని యాంటీబాడీలు తిరుగుతుండవచ్చు. అదే కుందేలు నుంచి ముందుగా తీసిన సీరంతో పోల్చి చూసిన యాంటీబాడీనే ఎంచుకోవాలి.

మోనోక్లోనల్, అంటే ఒకే రకం యాంటీబాడీ, అయితే ప్రశ్న వేరు. అది గుర్తుపట్టేది వరుసగా ఉన్న అమైనో ఆమ్లాలనా, లేక ముడుచుకున్న ఆకారాన్నా? టాక్సిన్‌ను నిర్వీర్యం చేసే మోనోక్లోనల్‌లు కొన్ని ఆకారాన్నే గుర్తుపడతాయి. ఎలైజాలో (పలక గుంటల్లో యాంటీబాడీతో చేసే పరీక్షలో) బ్రహ్మాండంగా పనిచేసినది ఎస్‌డీఎస్ జెల్ దాటాక ఏమీ చూపించకపోతే, యాంటీబాడీ చెడిపోయిందని పారేయకూడదు. అది ఆ పనికి పుట్టింది కాదు, అంతే.

అసలు చిక్కు: ప్రొటీన్ ఏ

1958లో జెన్సెన్ ఈ బ్యాక్టీరియాలో ఒక యాంటిజెన్‌ను వర్ణించాడు. మనుషుల సీరం దాదాపు అంతా దానితో చర్య జరుపుతుండటంతో అది మామూలు యాంటిజెన్, యాంటీబాడీ చర్యేనని అనుకున్నారు. 1966లో ఫోర్స్‌గ్రెన్, స్యోక్విస్ట్ అసలు సంగతి చూపించారు. ఈ ప్రొటీన్ యాంటీబాడీ కొసల్లోని గుర్తుపట్టే భాగానికి కాకుండా, దాని కాండమైన ఎఫ్‌సీ భాగానికి అతుక్కుంటోంది. అంటే ఆ యాంటీబాడీ దేనికోసం తయారైందన్న దానితో దీనికి నిమిత్తం లేదు.

ప్రొటీన్ ఏలో ఇలా పట్టుకునే విభాగాలు ఐదు, ఒక్కోదానిలో సుమారు 58 అమైనో ఆమ్లాలు. ఎక్కువ భాగం కణ కవచానికి అతుక్కుని ఉంటుంది, కొంత ద్రవంలోకి జారుతుంది. విభాగాలు చిన్నవి, తేలిగ్గా తిరిగి ముడుచుకునేవి కావడంతో, జెల్‌లో విప్పారినా మెంబ్రేన్ మీదికి వచ్చి ఎస్‌డీఎస్ కడిగిపోయాక మళ్లీ పట్టు తెచ్చుకుంటాయి. అందుకే ఎస్‌డీఎస్‌తో మరిగించిన నమూనాలో కూడా ప్రొటీన్ ఏ వెలుగుతుంది. స్ట్రెయిన్‌ను (బ్యాక్టీరియా ఉపరకాన్ని) బట్టి 45 నుంచి 60 కిలోడాల్టన్ల మధ్య ఎక్కడో ఒక ముదురు బ్యాండ్, దాని కింద ముక్కలైన వాటి మెట్ల వరుస. ఆ మెట్లలో ఒకటి 33 దగ్గర పడిందంటే ఫలితం మొత్తం తప్పుదారి పట్టినట్టే. దీనికి తోడు ఎస్‌బీఐ అనే మరో ప్రొటీన్ కూడా ఇదే పని చేస్తుంది.

ఏ జంతువు యాంటీబాడీ అన్నదాన్ని బట్టి పట్టు బలం మారుతుంది. ప్రొటీన్ ఏ కుందేలు ఐజీజీకి (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకానికి) గట్టిగా అతుక్కుంటుంది, దొరికే పాలీక్లోనల్‌లలో ఎక్కువ కుందేలువే కావడం మన దురదృష్టం. ఎలుక ఐజీజీ2ఏకి పట్టు బలం ఎక్కువ, ఐజీజీ1కి తక్కువ. మేక, గొర్రె యాంటీబాడీలకు బలహీనమే కానీ సున్నా కాదు, కాబట్టి మేకలో తయారైన సెకండరీ (టాక్సిన్ కోసం ముందు వేసిన ప్రైమరీ యాంటీబాడీని పట్టి సంకేతమిచ్చే రెండో యాంటీబాడీ) కూడా నేరుగా చిక్కుకోవచ్చు. కోడిగుడ్డు సొన నుంచి తీసే ఐజీవైకి మాత్రం ప్రొటీన్ ఏ అతుక్కోదు.

ఇక్కడి నుంచి పుట్టే తప్పుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఏజీఆర్ వ్యవస్థతో ముడిపడి ఉంది. బ్యాక్టీరియా సంఖ్య పెరిగినప్పుడు ఏజీఆర్ మేల్కొని ఆర్‌ఎన్‌ఏ3 అనే అణువును తయారుచేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ3 ఆల్ఫా టాక్సిన్‌ను పెంచుతుంది, ప్రొటీన్ ఏని తొక్కిపెడుతుంది. రెండూ ఒకే స్విచ్‌కు ఎదురెదురు చివర్లలో ఉన్నాయన్నమాట. ఏజీఆర్ పోయిన మ్యూటెంట్‌లో టాక్సిన్ దాదాపు లేకుండా పోతుంది, ప్రొటీన్ ఏ విపరీతంగా పెరుగుతుంది. కుందేలు యాంటీబాడీతో బ్లాట్ చేస్తే ఆ మ్యూటెంట్ వరుస మామూలు స్ట్రెయిన్ కంటే ఎక్కువగా వెలగవచ్చు. కాలం మీద పోల్చినా ఇదే చిక్కు: తొలి గంటల నమూనాలో ప్రొటీన్ ఏ ఎక్కువ, తర్వాతి నమూనాలో టాక్సిన్ ఎక్కువ. బ్యాండ్లుగా విడదీయకుండా మొత్తం వెలుగును కొలిచే ఎలైజా, డాట్ బ్లాట్ లాంటి పద్ధతుల్లో ఈ రెండూ ఒకదాన్నొకటి కప్పేసి, తేడా ఏమీ లేదన్న ఫలితం ఇస్తాయి. అసలు తేడా అంతా అక్కడే ఉంటుంది.

తప్పించుకునే దారులు, వాటి లోపాలు

అన్నిటికంటే నమ్మదగినది జన్యువు తీసేసిన స్ట్రెయిన్. ఒకే నేపథ్యంలో నాలుగు కావాలి: మామూలు స్ట్రెయిన్, హెచ్‌ఎల్‌ఏ లేనిది, ప్రొటీన్ ఏ జన్యువైన ఎస్‌పీఏ లేనిది, హెచ్‌ఎల్‌ఏను ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) మీద తిరిగి ఇచ్చినది. హెచ్‌ఎల్‌ఏ లేని వరుసలో మాయమై, తిరిగి ఇచ్చిన వరుసలో మళ్లీ కనిపించే బ్యాండే ఆల్ఫా టాక్సిన్. హెచ్‌ఎల్‌ఏ పోయినా మిగిలి, ఎస్‌పీఏ పోగానే పోయేది ప్రొటీన్ ఏ. యూఎస్‌ఏ300 వంశానికి చెందిన జేఈ2 స్ట్రెయిన్‌లో ట్రాన్స్‌పోజాన్ (జన్యువును చెడగొట్టే డీఎన్‌ఏ ముక్క) దూర్చి తయారుచేసిన నెబ్రాస్కా లైబ్రరీలో 1,952 మ్యూటెంట్లు ఉన్నాయి, పరిశోధకులు తెప్పించుకుని వాడుకోవచ్చు. ఈ కంట్రోల్ లేని ఆల్ఫా టాక్సిన్ బ్లాట్‌ను, అది ఎంత శుభ్రంగా ఉన్నా సరే, ఫలితంగా లెక్కించకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం.

రోగుల నుంచి వచ్చిన స్ట్రెయిన్లలో మ్యూటెంట్ చేసే వీలు ప్రతిసారీ ఉండదు. అప్పుడు ప్రొటీన్ ఏ నోరు ముందే మూయాలి. పాలపొడితో బ్లాక్ చేస్తే చాలదు, పాల ప్రొటీన్లు మెంబ్రేన్ ఖాళీలను కప్పుతాయి కానీ ప్రొటీన్ ఏ పట్టును ఆపవు. చాలామంది చేసేది ఏమిటంటే, బ్లాక్ అయ్యాక మెంబ్రేన్‌ను మనిషి ఐజీజీ ద్రావణంలో గంటసేపు నానబెట్టి, ప్రైమరీ ద్రావణంలో కూడా దాన్ని కలుపుతారు. మిల్లీలీటరుకు 10 నుంచి 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, హెచ్‌ఎల్‌ఏ లేని స్ట్రెయిన్ వరుస ఖాళీ అయ్యేదాకా సర్దుకోవాలి. సెకండరీ యాంటీబాడీ మనిషి ఐజీజీని పట్టకుండా శుద్ధి చేసినదై ఉండాలి, లేకపోతే మనం మూసిన నోరే వెలుగుతుంది. కుందేలు ప్రైమరీ వాడుతూ కుందేలు ఐజీజీతోనే బ్లాక్ చేయడం ఇదే తప్పుకు సూటి దారి.

ఇందులో ఇంకో ఉచ్చు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. పెద్దవాళ్లలో చాలామంది రక్తంలో ఆల్ఫా టాక్సిన్‌కు యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి. అనేకమంది రక్తం కలిపి తీసిన ఐజీజీలో అవి తప్పకుండా ఉంటాయి. మెంబ్రేన్ మీది టాక్సిన్‌ను అవి ముందుగా కప్పేస్తే మన యాంటీబాడీకి చోటు తగ్గుతుంది, అసలు సంకేతమే పడిపోతుంది. మొత్తం ఐజీజీకి బదులు మనిషి ఐజీజీ ఎఫ్‌సీ ముక్కలను వాడితే ఈ బాధ ఉండదు. ప్రొటీన్ ఏకి కావలసింది ఎఫ్‌సీయే, టాక్సిన్‌ను గుర్తుపట్టే కొసలు అందులో లేవు.

ఐజీవై ప్రైమరీ దొరికితే సగం పని తీరుతుంది. సగమే ఎందుకంటే, దాన్ని పట్టే సెకండరీ మేకదో, గాడిదదో అవుతుంది, అది తానుగా చిక్కుకుంటోందేమో మళ్లీ చూడాలి. ఎఫ్‌సీ కత్తిరించిన ఎఫ్‌ఏబీ2 రూపంలోని సెకండరీ ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. ప్రైమరీకే నేరుగా ఎంజైమ్ అతికించి సెకండరీని తీసేస్తే సమస్య పోతుందనుకోవడం మాత్రం పొరపాటు, ఆ ప్రైమరీకి ఎఫ్‌సీ ఉన్నంతకాలం ప్రొటీన్ ఏకి పట్టు దొరుకుతూనే ఉంటుంది.

మెంబ్రేన్ కంట్రోళ్లు రెండు. ప్రైమరీ లేకుండా సెకండరీ ఒక్కటే వేసినది, సెకండరీ తప్పు చూపిస్తుంది. ప్రైమరీ స్థానంలో, టాక్సిన్‌తో సంబంధం లేని అదే జంతువు ఐజీజీని అదే గాఢతలో వేసినది, ప్రైమరీ ఎఫ్‌సీ తప్పు చూపిస్తుంది. మొదటిది ఖాళీగా వచ్చిందని రెండోది మానేయడం తరచుగా జరిగే పొరపాటు.

నమూనా తయారీ

టాక్సిన్ బయటికి వదిలేది కాబట్టి కణాలను పగలగొట్టాల్సిన పని లేదు. ట్రిప్టిక్ సోయా బ్రాత్‌లో 37 డిగ్రీల దగ్గర, గాలి బాగా ఆడేలా ఫ్లాస్కులో ఐదో వంతుకు మించకుండా పోసి ఊపుతూ పెంచుతారు. ఎదుగుదల వేగం తగ్గే దశ దాటాకే టాక్సిన్ పేరుకుంటుంది. అలాగని రాత్రంతా ఉంచేసి మర్చిపోకూడదు, ఆరియోలైసిన్ లాంటి ప్రొటియేజ్‌లు అప్పటికి చేరుకుని టాక్సిన్‌ను తినేస్తుంటాయి. 3, 6, 9, 16 గంటల దగ్గర నమూనాలు తీసి ఏ గంట సరైనదో ఆ స్ట్రెయిన్‌కు తేల్చుకోవడం మేలు.

కణాలను సెంట్రిఫ్యూజ్‌లో దించి, పైద్రవాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపాలి. ప్రొటీన్‌ను తక్కువగా అంటించుకునే ఫిల్టర్ వాడకపోతే టాక్సిన్ కొంత అక్కడే ఆగిపోతుంది. బయటి ద్రవంలో ప్రతి వరుసకూ సమానంగా ఉండే ప్రొటీన్ ఏదీ లేదు, అందుకని కణాల సాంద్రతనే ఆధారం చేసుకోవాలి. 600 నానోమీటర్ల దగ్గర ఒక కల్చర్ ఓడీ (కణాల సాంద్రతను చూపే మసక కొలత) 8, మరొకటి 10 ఉంటే, మొదటిదాని నుంచి 1 మిల్లీలీటరు, రెండోదాని నుంచి 0.8 తీసుకోవాలి. ఓడీ 0.4 దాటాక యంత్రం చూపే అంకె నిజం కంటే తగ్గుతూ పోతుంది, పలుచన చేసి కొలిచి హెచ్చించాలి.

తొమ్మిది వంతుల ద్రవానికి ఒక వంతు 100 శాతం ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం కలిపి, గంటసేపు మంచులో ఉంచి, 4 డిగ్రీల దగ్గర 15,000 జీ వేగంతో 15 నిమిషాలు తిప్పితే ప్రొటీన్ అడుగున పడుతుంది. ఈ ఆమ్లం ప్రొటియేజ్‌లను కూడా అప్పటికప్పుడు ఆపేస్తుంది, ఇదొక అదనపు లాభం. చల్లని అసిటోన్‌తో రెండుసార్లు కడిగి, కొన్ని నిమిషాలే ఆరబెట్టాలి. మరీ ఎండిపోతే తిరిగి కరగదు. లోడింగ్ బఫర్ కలపగానే నీలం రంగు పసుపుకు మారిందంటే ఆమ్లం మిగిలిందని అర్థం, 1 మోలార్ ట్రిస్ బేస్ ఒకటి రెండు మైక్రోలీటర్లు వేస్తే నీలం తిరిగొస్తుంది. అలా సరిచేయకుండా నడిపిన వరుసలు వంకర పోతాయి.

బ్యాక్టీరియా వేయని ఖాళీ మీడియంను కూడా ఇదే తంతుతో ఒక వరుసగా నడపాలి. కణాల లోపలి ప్రొటీన్లు కూడా కావాలంటే లైసోస్టాఫిన్ వాడక తప్పదు, ఎస్‌డీఎస్‌లో మరిగించినంత మాత్రాన ఈ కణ కవచం సరిగా పగలదు. లైసోస్టాఫిన్ కవచంతో పాటు దానికి అతికిన ప్రొటీన్ ఏ మొత్తాన్నీ వదిలిస్తుందని గుర్తుంచుకుని, పైన చెప్పిన జాగ్రత్తలన్నీ రెట్టింపు చేయాలి.

బ్లాట్, కొలత

12 శాతం జెల్, పీవీడీఎఫ్ మెంబ్రేన్, దాన్ని ముందు మిథనాల్‌లో 30 సెకన్లు తడపడం, 100 వోల్టుల దగ్గర గంటసేపు చల్లగా బదిలీ, తర్వాత పాన్సో ఎస్‌తో రంగు వేసి ఫొటో తీయడం. ఈ ఫొటో మానకండి, వరుసలన్నిటిలో ప్రొటీన్ సమానంగా పడిందనడానికి మిగిలే ఆధారం అదొక్కటే. ప్రైమరీని అట్ట మీద రాసిన పలుచనలోనే వాడాలని లేదు. టాక్సిన్ ఉన్నదీ లేనిదీ పక్కపక్కన పడిన మెంబ్రేన్ ముక్కల మీద 1:500, 1:1,000, 1:5,000, 1:20,000 వేసి చూసి, ముదురు బ్యాండ్ ఇచ్చేదాన్ని కాకుండా రెండింటి మధ్య తేడా ఎక్కువ చూపేదాన్ని ఎంచుకోవాలి. హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్ అతికించిన సెకండరీ కలిపే ద్రావణంలో సోడియం అజైడ్ ఉండకూడదు, ఆ ఎంజైమ్‌ను అది చంపేస్తుంది. బ్యాండ్ మధ్యలో తెల్లగా బోలుగా కనిపిస్తే ఎంజైమ్ మరీ ఎక్కువై సబ్‌స్ట్రేట్ అక్కడ అయిపోయిందని అర్థం, సెకండరీని ఇంకా పలుచన చేయాలి.

ఎంత ఉందో అంకెల్లో చెప్పాలంటే శుద్ధ టాక్సిన్‌తో 2, 5, 10, 25, 50 నానోగ్రాముల వరుస కావాలి. దాన్ని బఫర్‌లో కాకుండా హెచ్‌ఎల్‌ఏ లేని స్ట్రెయిన్ కల్చర్ ద్రవంలో కలిపి, ఆమ్లంతో దించే దశ నుంచి నమూనాలతో పాటే నడపాలి. దించడంలో, కడగడంలో పోయేది రెండింటికీ ఒకేలా పోతుంది. బఫర్‌లో కలిపిన ప్రమాణం నమూనాలోని టాక్సిన్‌ను ఎప్పుడూ తక్కువ చేసి చూపుతుంది.

ఎలుక కణజాలం అయితే ఎలుక మోనోక్లోనల్ వాడకపోవడమే మంచిది. ఎలుక యాంటీబాడీలను పట్టే సెకండరీ ఆ కణజాలంలో సహజంగా ఉన్న ఐజీజీని కూడా పట్టి 50, 25 కిలోడాల్టన్ల దగ్గర పెద్ద మచ్చలు వేస్తుంది, 33 వాటి మధ్య నలిగిపోతుంది. శాండ్‌విచ్ ఎలైజాలో ప్రొటీన్ ఏ ఇంకా మొండిది. దానికి పట్టే చోట్లు ఐదు కాబట్టి, ఒక చేత్తో పలక మీది యాంటీబాడీని, మరో చేత్తో గుర్తించే యాంటీబాడీని పట్టుకుని, మధ్యలో టాక్సిన్ లేకపోయినా వంతెన కట్టేస్తుంది. ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో బ్యాక్టీరియా మొత్తం చక్కగా గుండ్రంగా మెరిస్తే సంతోషించే ముందు, సంబంధం లేని ఐజీజీ వేసిన స్లైడ్ కూడా అలాగే మెరుస్తోందేమో చూడాలి.

యాంటీబాడీ సీసా వచ్చిన రోజే చిన్న చిన్న భాగాలుగా పంచి గడ్డకట్టించాలి, మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టిస్తే అది గుంపు కట్టి పాడవుతుంది. పాలీక్లోనల్ అయితే కొత్త లాట్ అంటే కొత్త యాంటీబాడీ అనే లెక్క. పాత లాట్ అయిపోకముందే రెండింటినీ ఒకే మెంబ్రేన్ రెండు సగాల మీద నడిపి చూడాలి.

బ్యాండ్ ఉంది, పని చేస్తోందా?

యాంటీబాడీ చెప్పేది ప్రొటీన్ ఉనికినే, దాని విషశక్తిని కాదు. 35వ స్థానంలోని హిస్టిడిన్‌ను ల్యూసిన్‌గా మార్చిన టాక్సిన్ బ్లాట్‌లో మామూలుగానే కనిపిస్తుంది, కణాలను మాత్రం చంపలేదు. అందుకే బ్లాట్ పక్కన కుందేలు ఎర్ర రక్తకణాలతో హీమోలైసిస్ పరీక్ష ఉండాలి. మనిషి రక్తకణాల కంటే అవి ఆల్ఫా టాక్సిన్‌కు ఎన్నో రెట్లు త్వరగా పగులుతాయి. కడిగిన కణాల 1 నుంచి 2 శాతం ద్రావణాన్ని, రెట్టింపు పలుచనలు చేసిన కల్చర్ ద్రవంతో కలిపి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, మిగిలిన కణాలను దించి, పైద్రవాన్ని 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. పూర్తిగా పగిలినదానికి కొలమానం 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100. నిర్వీర్యం చేసే యాంటీబాడీని ముందే కలిపిన గుంటలో హీమోలైసిస్ ఆగిపోతే, ఆ పని చేస్తున్నది ఆల్ఫా టాక్సినేనని ఖాయమవుతుంది.

రెండు పరీక్షలూ పొసగనప్పుడు వెతకాల్సిన చోట్లు ఇవి. బ్యాండ్ ఉండి హీమోలైసిస్ లేకపోతే జన్యువును సీక్వెన్స్ చేసి మార్పు కోసం చూడాలి. ఆ తర్వాత ఆ బ్యాండ్ ప్రొటీన్ ఏ ముక్క కాదని మరోసారి తేల్చుకోవాలి. హీమోలైసిస్ ఉండి బ్యాండ్ లేకపోతే డెల్టా, గామా హీమోలైసిన్‌లను అనుమానించాలి. సీసీ30 వంశానికి చెందిన చాలా స్ట్రెయిన్లలో హెచ్‌ఎల్‌ఏ జన్యువు మధ్యలోనే ఆగిపోయే కోడాన్ ఉంటుంది కనుక, ఆ వంశంలో బ్యాండ్ రాకపోవడమే సరైన ఫలితం కావచ్చు. రెండూ ఒకేసారి పడిపోతే ముందు బ్లడ్ అగార్ మీద గీసి చూడాలి. ల్యాబులో పదేపదే పెంచిన స్ట్రెయిన్లలో ఏజీఆర్ దానంతటదే పాడైపోవడం ఉంది. అలాంటప్పుడు ఫ్రీజర్‌లోని మొదటి స్టాక్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.